తలూపుళ్లు

కాదు, అలా అడగలేదు తను. ఆ మాటకు ముందు చిన్న దగ్గు వచ్చింది, వచ్చిందో తెచ్చుకుందో, ఆ దగ్గు తర్వాత కదా వాక్యం నోట్లోంచి జారింది, "ఆ వైర్ల సంగతి అప్పట్లో మీ దాకా వచ్చి ఉండదేమో కదా సార్" అని. వచ్చి ఉండదేమో కదా అట. అది ప్రశ్న వెయ్యడమా, మెట్లు దిగుతున్న పెద్దాయనకు చెయ్యి అందించడమా? ఆయన ఆ చెయ్యి పట్టుకుని నిదానంగా దిగిపోయాడు. "లేదమ్మా, నా దాకా రానే లేదు" అన్నాడు. అని, కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. తను తలూపింది. ఊపిన సంగతి కెమెరాకు తెలియదు, దాని మొహం అప్పుడు ఆయన వైపే ఉంది, కానీ మెడకు తెలుసు, మెడ వెనక నరం ఇంకా బిగుసుకునే ఉంది. ఆ తర్వాత పార్టీ గురించి అడిగింది, పాత స్నేహితుల గురించి అడిగింది, రేపటి నుంచి ఏం చేస్తారని అడిగింది. మొక్కలు పెంచుతానన్నాడు. అందరూ అదే అంటారు, పదవి దిగిన ప్రతివాడూ మొక్కలు పెంచి ఉంటే ఈపాటికి దేశం దేశమంతా అడవి అయిపోయేది. ఆ మాట అప్పుడు నోటికి రాలేదు. అప్పుడు నోటికి ఏదీ రాలేదు, దగ్గు తప్ప.

ఇప్పుడు ఎదురుగా ఆ కుర్చీ ఖాళీగా ఉంది. చేతులున్న పాత చెక్క కుర్చీ, దిండు మీద ఆయన బరువు చేసిన గుంట. ఆ గుంట పైకి లేస్తోంది, లేస్తున్నట్టు కనపడదు గానీ చూపు తిప్పి మళ్లీ చూస్తే కాస్త పూడి ఉంటుంది. ఆయన లోపలి గదిలో ఉన్నాడు. చొక్కాకు పెట్టిన మైకు తీయించుకుని, గోడ పట్టుకుని లేచి, "కాసేపు నడుం వాలుస్తానమ్మా, మీ పని కానివ్వండి, టీ తాగకుండా వెళ్లారో ఊరుకునేది లేదు" అని తలుపు దగ్గరగా వేసుకున్నాడు. వంటమనిషి టీ తెచ్చి పెట్టి వెళ్లిపోయింది. కప్పులు చల్లారుతున్నాయి. కెమెరా చోటు మారింది, ఇందాక తన భుజం వెనక నుంచి ఆయన్ని చూసింది, ఇప్పుడు ఆ ఖాళీ కుర్చీ వెనక నుంచి తనను చూస్తోంది. దాని వెనక ఒక కన్ను మూసుకుని బాబాయ్. ఆఫీసులో చేరిన ప్రతివాళ్లకూ బాబాయే, అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. బాబాయ్ కిటికీ వైపు చూసి పెదవి విరిచాడు. "మబ్బు, మేడమ్. ఆగాలి."

"ఎంతసేపు?"

"దాన్నే అడగండి. రాజకీయనాయకుల్నే మాట్లాడిస్తారు, మబ్బును మాట్లాడించలేరా?" అని, ఆమె నవ్వకపోవడం చూసి, "ఆయన మొహం మీద ఎండ, మీ మొహం మీద మబ్బు పడితే ఇద్దరూ చెరో ఊళ్లో కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉంటుంది. ఎండ రానివ్వండి" అన్నాడు.

చెరో ఊళ్లో. సరే, ఆగుదాం. ఒక్క కెమెరాతో వచ్చిన ప్రతిసారీ ఇంతే, ముందు ఆయన జవాబులు మొత్తం, ఆయన లేచి వెళ్లాక తన ప్రశ్నలు మొత్తం, అదే కుర్చీకి, అదే గొంతుతో, మధ్య మధ్య వింటున్నట్టు తల ఊపుతూ. ఎడిటింగులో రెండూ అతికిస్తే చూసేవాళ్లకు రెండు కెమెరాలున్నట్టే ఉంటుంది. బయట దీనికి రివర్స్ అని పేరు. బాబాయ్ మాత్రం తలూపుళ్లు అంటాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటిసారి ఖాళీ కుర్చీ ముందు కూర్చోబెట్టి తల ఊపమంటే నవ్వాగలేదు తనకు, నవ్వీ నవ్వీ కాటుక కారిపోయింది, అప్పుడు బాబాయ్‌కి జుట్టు నల్లగా ఉండేది, "ఎవరో ఒకళ్లు ఉన్నారనుకో తల్లీ, నీకు బాగా ఇష్టమైనవాళ్లు ఏదో చెబుతున్నారనుకో" అన్నాడు. అమ్మ కూర్చుని ఉందనుకుంది. అమ్మ కుర్చీలో సరిగ్గా కూర్చునేది కాదు, ఒక కాలు పైకి మడిచి, చేతులు కట్టుకుని, నువ్వు చెప్పేది నేను నమ్మను అన్నట్టు. ఆ అమ్మకు తల ఊపింది. చాలా బాగా వచ్చిందన్నారు అందరూ. ఎంత శ్రద్ధగా వింటుందో ఈ అమ్మాయి అన్నారు. అప్పట్నుంచీ మంత్రులకూ, ప్రతిపక్ష నాయకులకూ, ఓడిపోయి ఏడ్చినవాళ్లకూ, గెలిచి పలకరించడం మానేసినవాళ్లకూ, అందరి ఖాళీ కుర్చీల్లోనూ అమ్మే. అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఏమనేదో తెలుసు, "నా ఎదురుగా కూర్చుని ఎప్పుడైనా ఊపావుటే" అనేది.

అమ్మ టీవీ చూసేది, మాట వినేది కాదు. గొంతు పూర్తిగా తగ్గించేసి చూసేది. "వాళ్ల గోల ఎవడికి కావాలి, నువ్వు కనపడతావని పెడతాను." ప్రోగ్రాం అయిపోయి మైకు తీస్తుండగానే ఫోన్ మోగేది. ఏం అడిగింది, ఎవరిని నిలదీసింది, ఆ రోజు దేశమంతా దేని గురించి మాట్లాడుకుంది, అవేవీ కాదు. "కళ్లు లోపలికి పోయాయి, ఏం తిన్నావు?" లేదంటే, "ఆ పచ్చ చొక్కా ఇంకెవరికైనా ఇచ్చెయ్యి, నీ మొహం దాంట్లో ఉడికినట్టుంది." తను విసుక్కునేది. అమ్మా, ఇవాళ నేను ఆర్థికమంత్రి చేత నీళ్లు నమిలించాను తెలుసా. "నమిలాడు, చూశాను, దవడ కదిలింది, నువ్వేం నమిలావు?" అమ్మ పోయాక కూడా ప్రోగ్రాం అవగానే చెయ్యి ఫోన్ మీదికి వెళుతుంది. ఫోన్ నిండా మెసేజ్‌లే ఉంటాయి. అద్భుతం మేడమ్, నిప్పు మేడమ్, చెమటలు పట్టించారు మేడమ్. ఒకళ్లు కూడా కళ్లు లోపలికి పోయాయనరు. నిప్పుకు కళ్లేమిటి, అవి లోపలికి పోవడమేమిటి.

ఎండ రాలేదు. కిటికీ అద్దం అవతల వీధి బూడిద రంగులో ఉంది, ఎవరో ఆవిడ రెండు చేతుల్లో సంచులతో గుమ్మం తలుపును భుజంతో తోస్తోంది, తెరుచుకోదు, మళ్లీ తోస్తోంది. లోపలి గదిలోంచి దగ్గు వినపడింది. అది నిజమైన దగ్గు. ఆయన నిద్రపోలేదు.

అమ్మ పోయిన మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. ఎవరెవరో చేశారు, ఛానెల్ పెద్దలు చేశారు, తను వేళ్ల మీద ఆడించే నాయకులు సంతాప సందేశాలు పంపారు, వాళ్ల సహాయకులు రాసినవి, ఒకే మాటలు, ఒకే కామాలు. ఆయన మాత్రం సంతాపం మాటే ఎత్తకుండా, "ఏమైనా తిన్నావా?" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటకు తను గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత ప్రతి ఆదివారం పొద్దున చేస్తున్నాడు. రాజకీయం మాట్లాడడు. చనిపోయిన భార్య గురించి చెబుతాడు, ఆవిడ లేకపోతే చొక్కా గుండీ ఊడినా తెలియడం లేదంటాడు, మోకాలు గురించి చెబుతాడు, "నీ గొంతు పట్టేసిందేంటమ్మా, వేణ్నీళ్లు తాగు" అంటాడు. ఆదివారం పొద్దున తన ఇంట్లో తనను పేరు పెట్టి పిలిచే గొంతు అదొక్కటే. మిగతా వారమంతా అందరూ మేడమే. ఇంట్లో పేరు వినపడకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పరు, అద్దం ముందు మొహం కడుక్కుంటున్నప్పుడు ఒక్కోసారి ఈవిడ ఎవరో బాగా తెలిసినట్టుందే, ఎక్కడ చూశాను, టీవీలోనా అనిపిస్తుంది.

భర్త వెళ్లిపోతూ అన్న మాట కూడా తల ఊపడం గురించే. అతను మంచివాడు, అరిచే మనిషి కాదు, పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటూ, ఒక పెట్టెకు టేపు అంటిస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "నేను మాట్లాడుతున్నప్పుడు తల ఊపుతావు చూడు, అది నేను తట్టుకోలేను. నేను మాట్లాడటం ఆపేశాక కూడా ఊపుతూనే ఉంటావు." నిజమా అది? ఆ మాటకూ తల ఊపింది కాబోలు, అతను నవ్వాడు, నవ్వి టేపును పంటితో తెంపాడు. అతని మీద కోపం రాలేదు. ఇప్పటికీ రాదు. ఒక్కోసారి అతను ఈ ప్రోగ్రాం చూస్తాడా, చూసి పక్కనున్న మనిషికి, అదిగో ఆ తల చూడు, ఆగదు, అని చూపిస్తాడా అనుకుంటుంది.

ఫోన్ అదిరింది. ప్రొడ్యూసర్. ఈ మధ్యే చేరాడు, చురుకైనవాడు, మాట పూర్తయ్యేలోపే తర్వాతి మాటకు వెళ్లిపోతాడు. "మేడమ్, అయిపోయిందా? ఆయన ఇంకెవరికీ ఇంటర్వ్యూ ఇవ్వనన్నాడటగా, చివరి ఇంటర్వ్యూ అని స్క్రోలింగ్ వేసేస్తున్నాం. ప్రోమోకి ఒక్క ముక్క కావాలి. పిల్లల వార్డు ప్రశ్న. అడిగారుగా?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

"తన దాకా రాలేదన్నాడు."

"సూపర్. మీరు గట్టిగా అడగడం, ఆయన లేదనడం, కట్. మీ ముక్క కాస్త కారంగా ఉండాలి. అప్పుడు మెత్తగా వచ్చి ఉంటే రివర్స్‌లో చూసుకోండి మేడమ్, మీకు నేను చెప్పేదేముంది."

ఏముంది, ఏమీ లేదు. అతనికి తప్పుగా కూడా అనిపించలేదు. అప్పుడు మెత్తగా వచ్చి ఉంటే. పిండి గురించి చెప్పినట్టు చెప్పాడు. ఈ పని చేసేవాళ్లు ఉన్నారని తనకు తెలుసు, నాయకుడి ఎదుట చేతులు కట్టుకుని "అయ్యా తమరి అభిప్రాయం" అని, ఆయన కారెక్కాక కుర్చీ ముందు వేలు చూపించి "సమాధానం చెప్పండి" అనేవాళ్లు. తను వాళ్ల గురించి బోలెడన్ని జోకులు వేసింది. తను అలా చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. ఎందుకంటే ఎదురుగా ఉన్నవాళ్లెవరూ తనను ఏమైనా తిన్నావా అని అడగలేదు.

పిల్లల వార్డు. ఆయన ఆరోగ్యమంత్రిగా ఉన్నప్పుడు పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు కాలిపోయింది. గోడ మీద వైర్లు నిప్పంటుకుని. విచారణ జరిగింది, ఎవరి తప్పూ కాదని తేలింది, ఎవరి తప్పూ కాకుండా పిల్లలు పోయారు. ఆ ఆసుపత్రి నడిపిన డాక్టరు ఈ మధ్య ఉద్యోగం విరమించి, తన వరండాలో కూర్చుని, ఆమెకు మాత్రమే చెప్పాడు. "వార్డు కాలకముందు మంత్రిగారు వచ్చినప్పుడు నేనే ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లాను. వైర్లు చూపించాను. ఆయన తలెత్తి చూశారు. చూద్దాం డాక్టరు గారూ అన్నారు. నేను కెమెరా ముందు చెప్పను, నా పిల్లలకు ఇక్కడే ఉద్యోగాలున్నాయి." డాక్టరు చెప్పడు. కాగితం లేదు. ఇక ఉన్నది ఆయన ఒక్కడే, ఆ రోజు తలెత్తి చూసిన మనిషి. ఆయన నోటితో అవునన్నా, కాదన్నా, అడగాల్సింది ఆయన్నే. ఆయన ఇవాళ తప్ప ఇంకెప్పుడూ కెమెరా ముందు కూర్చోడు.

ఆ వార్డులో కూతుర్ని పోగొట్టుకున్న ఆవిడ మందుల షాపులో పని చేస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఏడుస్తుందనుకుంది తను, బాబాయ్ కెమెరా దగ్గరగా కూడా జరిపాడు, ఆవిడ ఏడవలేదు. కొనడానికి వచ్చినవాళ్లకు మాత్రలు కత్తిరించి ఇస్తూనే మాట్లాడింది. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక," అని వాళ్లకు, "లోపలికి పోనివ్వలేదక్కా, నన్ను పట్టుకున్నారు" అని ఈమెకు, ఒకే గొంతుతో. ఆ తర్వాత చాలాసార్లు వెళ్లింది, కెమెరా లేకుండా కూడా. డాక్టరు చెప్పింది ఆవిడకు చెప్పింది. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆవిడ కత్తెర కింద పెట్టింది. "ఆయన ఒప్పుకుంటాడని నేను అనుకోవట్లేదక్కా. పర్లేదు. నువ్వు అడుగు. ఎవరో ఒకళ్లు ఆయన మొహంలోకి చూసి అడగడం నేను చూడాలి." తర్వాత, "మా ఇంట్లో టీవీ లేదు. పక్కింటివాళ్లని బతిమాలుకోవాలి. వాళ్లు ఆ టైములో సీరియల్ చూస్తారు. ముందే చెప్పు, పక్కింటి అత్తయ్యను అడిగి పెట్టుకుంటాను" అంది. ఇవాళ పొద్దున బయల్దేరుతుంటే మెసేజ్ వచ్చింది. చెప్పాను అక్కా, సీరియల్ మానేసి పెడతామన్నారు.

సీరియల్ మానేసి.

ఆవిడ ఎలా కూర్చుంటుందో కనపడుతోంది. వేరేవాళ్ల ఇంట్లో, గుమ్మానికి దగ్గరగా, నేల మీద, ఏదైనా అంటే లేచిపోవడానికి వీలుగా. ఆ ప్రశ్న వస్తుంది. రివర్స్‌లో తీసిన గట్టి ప్రశ్న. ఆవిడ చూస్తుంది, ఆయన మొహంలోకి చూసి అడిగారు అనుకుంటుంది, ఆయన లేదమ్మా అంటాడు, కళ్లద్దాలు తుడుచుకుంటాడు, అది ఉత్త దుమ్ము పట్టిన అద్దం, ఆ ప్రశ్న పక్కన అతికిస్తే అబద్ధమాడి తడబడ్డ మనిషి చెయ్యిలా కనపడుతుంది. ఆవిడకు కావాల్సింది దొరుకుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఆ రాత్రి ఆవిడ నిద్రపోతుంది కూడా. నిద్రపోకూడదా? ఇన్నాళ్ల తర్వాత ఒక్క రాత్రి ఆవిడ నిద్రపోవడానికి తను ఒక కుర్చీని నాలుగు మాటలు గట్టిగా అడిగితే ఏం పోయింది?

"మేడమ్, ఎండ వచ్చేలోపు సౌండ్ చూసుకుందాం" అన్నాడు బాబాయ్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటూ. "ఏదో ఒకటి మాట్లాడండి. ఏం తిన్నారో చెప్పండి."

ఆమె కుర్చీ వైపు చూసింది. నడుం దానంతటదే నిటారుగా అయింది, గడ్డం కాస్త దిగింది, కుడిచెయ్యి మోకాలి మీదికి వచ్చింది, ఇవన్నీ ఎవరో నేర్పినట్టు వరసగా జరిగిపోయాయి, గొంతు వచ్చింది, ఆ గొంతు, జనానికి తెలిసిన గొంతు. "ఆ వైర్ల సంగతి మీకు తెలుసు కదా సార్. డాక్టరు మిమ్మల్ని ఆ గోడ దగ్గర నిలబెట్టి చూపించారు. మీరు తలెత్తి చూశారు. చూసి ఏం చేశారు?"

ఎంత బాగా వచ్చింది. దగ్గు లేదు. ఎక్కడా వణుకు లేదు. ఎదురుగా ఎవరూ లేకపోతే తను ఎంత ధైర్యవంతురాలో.

బాబాయ్ ఒక చెవికి ఉన్న హెడ్‌ఫోన్ జరిపాడు. ఏదో మీట తిప్పాడు, తిప్పక్కర్లేని మీట. "సౌండు బాగుంది" అన్నాడు, కెమెరాతో.

"బాబాయ్. ఇందాక నేను ఎలా అడిగాను?"

"నేను ఫ్రేమే చూస్తాను తల్లీ. మాటలు కూడా వింటూ కూర్చుంటే ఈ ఉద్యోగంలో ఇన్నేళ్లు ఉండేవాణ్ణా?"

"విన్నావు."

"ఆ, విన్నాను" అన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని, "నాకూ ఆయనంటే ఇష్టమే. మా ఆవిడ ఆపరేషనుకి ఒక్క ఫోన్ కొట్టి మంచం ఇప్పించాడు. ఇష్టమైనవాళ్లని తీస్తున్నప్పుడు నాకూ చెయ్యి వణుకుతుంది. నాకు మూడుకాళ్ల స్టాండు ఉంది, కెమెరా దాని మీద పెట్టేస్తాను, కనపడదు. నీకు స్టాండు లేదు మరి" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఏదో అయిపోయి కిటికీ వైపు తిరిగింది. మబ్బు అంచు తెల్లబడుతోంది. సంచుల ఆవిడ లోపలికి వెళ్లిపోయినట్టుంది, తలుపు మూసి ఉంది, గుమ్మం ముందు ఏదో దొర్లిపడిన పండు.

ఆయన చూస్తాడు ప్రోగ్రాం. తప్పకుండా చూస్తాడు, తన మొహం తను చూసుకోకుండా ఉండగలిగే రాజకీయనాయకుడు ఇంకా పుట్టలేదు. ఆ ప్రశ్న దగ్గర ఆగుతాడు. తనను ఎవరూ అలా అడగలేదని ఆయనకు తెలుసు. ఆదివారం దాకా ఆగి, ఎప్పట్లాగే పొద్దున్నే ఫోన్ చేసి, నవ్వుతాడు. "బాగా నిలదీశావమ్మా, నా కుర్చీని." కోప్పడడు. అదే భయం. ఆయన కోప్పడితే బాగుండును. ఆయన అర్థం చేసుకుంటాడు, మీ వృత్తిలో తప్పదులే అంటాడు, మా దాంట్లోనూ అంతేగా అంటాడు, ఆ తర్వాత మోకాలి సంగతి చెబుతాడు, ఏమైనా తిన్నావా అంటాడు. ఆమె తిన్నానంటుంది. ప్రతి ఆదివారం అదే జరుగుతుంది, ఆ గోడ గురించి ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ దాని పక్కనుంచి నడుస్తూ, ఒకరికొకరు జాగ్రత్తగా. ఒంటరితనం పోతుందా అలా? పోతుందేమో. చాలామందికి పోతున్నట్టే ఉంది. వార్డులో ఆయన పక్కన ఆ రోజు నిలబడ్డవాళ్లందరూ ఇలాగే ఒకళ్లనొకళ్లు క్షేమసమాచారాలు అడుగుతూ ఉంటారేమో, ఎంత ఆప్యాయంగా అడుగుతారో.

అడిగితే? నిజంగా, ఆయన్నే? ఆదివారం వస్తుంది. ఫోన్ బల్ల మీద ఉంటుంది. కాఫీ కలుపుకుంటుంది, చల్లారుతుంది, ఫోన్ మోగదు. ఆ తర్వాతి ఆదివారం కూడా. గొంతు పట్టేసినా ఎవరికీ తెలియదు. ఇంట్లో తన పేరు ఎవరూ పలకరు. దాన్ని తను ఎంత స్పష్టంగా చూడగలుగుతోందంటే, ఇందాక ఆయన మొహంలోకి చూస్తున్నప్పుడు కూడా కనపడింది అదే, పిల్లల వార్డు కాదు, ఆ బల్ల, ఆ ఫోన్. అందుకే దగ్గు. ఈ ఇంటర్వ్యూకి ఆయన తనను పిలిచింది నమ్మదగిన మనిషని కాదేమో, తను ఏ ప్రశ్న ఎక్కడ ఆపుతుందో తెలిసేమో, ఆదివారం ఆదివారం కొలుచుకుంటూ వచ్చాడా? ఛ, అది కూడా నిజం కాదు. అమ్మ పోయినప్పుడు ఆ గొంతు అడిగిన మాట నిజం. గోడ కూడా నిజం. రెండూ ఒక మనిషిలోనే, రెండింటికీ మధ్య గోడ కట్టుకోవడానికి వీల్లేకుండా. ఆయన్ని చెడ్డవాణ్ణి చేసుకుంటే ఎంత తేలికయ్యేది, చెడ్డవాళ్లను అడగడం ఆమెకు చిటికెలో పని, దానికే జీతం ఇస్తున్నారు.

వెలుగు వచ్చింది. మొదట నేల మీద, తర్వాత ఖాళీ కుర్చీ చేతి మీద, పాకుతూ ఆమె మోకాలి మీదికి, వెచ్చగా.

"వచ్చింది, వచ్చింది!" బాబాయ్ గబగబా కెమెరా వెనక్కి వెళ్లాడు. "కూర్చోండి మేడమ్, ఇది ఎంతోసేపు ఉండదు. ముందు ప్రశ్నలు, తర్వాత తలూపుళ్లు. చొక్కా కాలరు సరిచేసుకోండి. నేను రెడీ."

ఆమె ఖాళీ కుర్చీ వైపు చూసింది. అమ్మ రాలేదు అందులోకి. ఎవరూ రాలేదు. కుర్చీ కుర్చీలా ఉంది, దిండు మీద గుంట పూర్తిగా పూడిపోయింది. ఆమె లేచి నిలబడింది.

"అదేంటి, ఎక్కడికి? ఎండ!"

"అది స్టాండు మీంచి తియ్యి బాబాయ్. భుజానికి ఎత్తుకోగలవా?"

"నా భుజం సంగతి తెలిసే అడుగుతున్నావా? ఎక్కడికో చెప్పు ముందు." ఆమె చూపు వెళ్లిన వైపు చూశాడు. లోపలి గది తలుపు. "పడుకున్నారమ్మా ఆయన."

"దగ్గుతున్నారు. మెలకువగానే ఉన్నారు."

"రావద్దంటే?"

"దించేద్దువుగాని. వద్దన్న మాటైనా రికార్డవుతుంది."

"అక్కడ లైటు బాగుండదు" అన్నాడు బాబాయ్, అంటూనే వంగి కెమెరా బిగింపు విప్పుతున్నాడు, ఒక మూలుగు మూలిగి భుజానికెత్తుకున్నాడు, ఎత్తుకున్నాక ఊపిరి బిగబట్టి, "ఆ, పద. నేను చాలాసేపు మొయ్యలేను, తొందరగా అడుగు" అన్నాడు.

ఆ తలుపు దాకా గది ఎంతో లేదు. నేల మీద ఎండ దాటి, టీ కప్పులు దాటి. చల్లని రాయి పాదాలకు తెలుస్తోంది. తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల నుంచి వస్తున్న మందుల వాసన, పాత బట్టల వాసన, ముసలితనపు వాసన, అమ్మ గదిలో ఉండేదే. ఆయన లోపల ఏదో గొణుక్కుంటున్నాడు, లేదా ఊపిరే అలా వినపడుతోందేమో. మంచం మీద పక్కకు తిరిగిన చప్పుడు. ఇప్పుడు పిలిస్తే, "ఏంటమ్మా, టీ తాగారా?" అంటాడు, ముందు అదే అంటాడు, ఆ మాట అన్నాక కూడా అడగాలి తను, ఆ మాట ఆయన మొహం మీద ఇంకా ఉండగానే. వెనక బాబాయ్ బరువుగా ఊపిరి పీలుస్తున్నాడు. దగ్గు రాబోయింది, మింగింది.

చెయ్యి ఎత్తి తలుపు మీద వేలి కణుపులతో కొట్టింది. ఆ చప్పుడు తనకే సరిగ్గా వినపడలేదు. మళ్లీ, గట్టిగా కొట్టింది.